హాలండ్‌లో అచ్చయిన ఆఫ్రికా బట్ట, చీరాలలో నేసిన కలబరి రుమాలు

క్లుప్తంగా

ఆఫ్రికా సంతతి సమకాలీన కళాకారులు అస్తిత్వం గురించి చెప్పాలనుకున్నప్పుడు తరచుగా బట్టనే పట్టుకుంటారు. వాళ్ళ కళలో ఎక్కువగా కనిపించే ‘డచ్ వ్యాక్స్’ ఇండొనేసియాలోని జావా దీవి బాతిక్‌ను, అంటే మైనం అద్దకం బట్టను, చూసి యూరప్ యంత్రాలు తీసిన నకలు. పశ్చిమ ఆఫ్రికా దాన్ని కొని, పేర్లు పెట్టి, సొంతం చేసుకుంది. నైజీరియాలోని నైజర్ నది డెల్టాలో ఉండే కలబరి స్త్రీలు మన తీరం నుంచి వెళ్ళిన గళ్ళ రుమాలును పోగు పోగుగా కోసి తమ బట్టగా మార్చుకున్నారు. కళాకారుడు యింకా షోనిబారే (యింకా ఆయన పేరే), శిల్పులు సొకారి డగ్లస్ క్యాంప్, ఎల్ అనట్సుయ్ వంటివాళ్ళ పనికి ఈ వర్తక చరిత్రే పునాది. ఆ బట్టలు ఎలా తయారవుతాయో తెలిస్తే ఆ కళలో సగం అర్థమైనట్టే.

తలల్లేని పద్నాలుగు మంది

పొడవాటి బల్ల. బల్ల మీద ఆఫ్రికా పటం. చుట్టూ 14 కుర్చీల్లో 14 నిలువెత్తు బొమ్మలు, విక్టోరియా కాలపు దొరల కోట్లు తొడుక్కుని వాదించుకుంటున్న భంగిమల్లో ఉంటాయి. ఒక్కదానికీ తల ఉండదు. యింకా షోనిబారే 2003లో చేసిన ‘స్క్రాంబుల్ ఫర్ ఆఫ్రికా’ ఇది. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో 14 దేశాల ప్రతినిధులు సమావేశమై, ఆఫ్రికా నేలను ఎవరు ఏ నియమం ప్రకారం ఆక్రమించుకోవచ్చో రాసుకున్నారు. ఆ సమావేశంలో ఆఫ్రికా వాళ్ళెవరూ లేరు.

బొమ్మల కోట్లు ఉన్ని బట్టతో కుట్టినవి కావు. నారింజ, నీలం, పసుపు రంగుల్లో పెద్ద పెద్ద పూలు, వలయాలు, పక్షులు అచ్చయిన నూలు బట్టతో కుట్టారు. యూరప్ కోటుకు ఆఫ్రికా బట్ట తొడిగి దోపిడీని గుర్తు చేస్తున్నారని చూసేవాళ్ళు మొదట అనుకుంటారు. ఆ అర్థం తప్పు కాదు గానీ అది పైపొర. ఆ బట్ట ఆఫ్రికాలో పుట్టలేదు. దాని పద్ధతి జావాది, యంత్రం నెదర్లాండ్స్‌ది, తర్వాత కొంతకాలం మాంచెస్టర్‌ది. దీన్ని ఆఫ్రికా బట్ట అనడం ఏ మేరకు నిజం? షోనిబారే కళ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దానికి జవాబు బట్ట తయారీలోనే దొరుకుతుంది.

పగుళ్ళున్న బట్ట జావాలో ఎందుకు చెల్లలేదు

బాతిక్ అంటే మైనంతో అడ్డుపెట్టి రంగు వేసే పద్ధతి. రంగు తగలకూడని చోట వేడి మైనం పూసి, బట్టను రంగు తొట్టెలో ముంచుతారు. తర్వాత మరిగే నీళ్ళలో మైనం కరిగించి తీసేస్తే, పూసిన చోటు తెల్లగా మిగులుతుంది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. కోరమాండల్ తీరంలోని, అంటే మన తూర్పు తీరంలోని, కలంకారీ పనివాళ్ళు నీలిమందు వేయడానికి ముందు సరిగ్గా ఇలాగే మైనం పూసేవారు. డచ్చి కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో కోఠీ (వర్తక కేంద్రం) పెట్టుకున్నది ఈ బట్టల కోసమే. ఇక్కడి అద్దకం బట్టల్ని ఆగ్నేయాసియా దీవులకు తీసుకెళ్ళి, వాటితో సుగంధ ద్రవ్యాలు కొనేది.

19వ శతాబ్దంలో డచ్చి వాళ్ళు జావా బాతిక్‌ను యంత్రం మీద చవగ్గా తీసి జావాకే అమ్మాలని చూశారు. నెదర్లాండ్స్‌లోని హార్లెంలో ప్రెవినేర్ అనే మిల్లు యజమాని ఇందుకోసం ఒక అచ్చు యంత్రాన్ని రూపొందించాడు. హెల్మండ్‌లో 1846లో మొదలైన ఫాన్ ఫ్లిసింగెన్ మిల్లు, అంటే ఈనాటి వ్లిస్కో, కూడా ఆ దారిలోనే నడిచింది. యంత్రానికి మైనం సరిపడలేదు కాబట్టి దాని బదులు గుగ్గిలంలాంటి జిగురు వాడారు. చిక్కు అక్కడే వచ్చింది. చల్లారాక ఆ జిగురు పెళుసెక్కి పగిలేది. పగుళ్ళలోకి నీలిమందు దిగి బట్టంతా సన్నని నీలి గీతలు పడేవి. చేతి బాతిక్ చూసి పెరిగిన జావా కొనుగోలుదారుకు అది స్పష్టమైన లోపం. సరిగ్గా ఆ రోజుల్లోనే జావాలో రాగి అచ్చులతో మైనం అద్దే పద్ధతి వ్యాపించి అక్కడి బాతిక్ కూడా చవకైంది. యంత్రపు నకలుకు ఉన్న ఒకే ఒక్క మొగ్గు, అంటే ధర, అలా పోయింది.

ఆ సరుకు పశ్చిమ ఆఫ్రికా తీరానికి మళ్ళింది. 1890ల నాటికి ఎబెనీజర్ బ్రౌన్ ఫ్లెమింగ్ అనే స్కాట్లండ్ వర్తకుడు గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, దీన్ని జోరుగా అమ్ముతున్నాడు. జావా వాళ్ళు లోపమన్న పగులు గీతలే అక్కడ నచ్చాయి. ఏ రెండు గజాలూ అచ్చం ఒకేలా ఉండకపోవడం వాళ్ళ కంటికి యంత్రపు పనిలా కాక చేతి పనిలా కనిపించింది.

మూల పద్ధతి ఇప్పటికీ అదే. చెక్కిన రాగి రోలర్లు బట్టకు రెండువైపులా ఒకేచోట వేడి జిగురు అద్దుతాయి. జిగురు చల్లారాక బట్టను నలిపి పగుళ్ళు తెప్పిస్తారు. నీలి తొట్టెలో ముంచి తీసి, జిగురును కొంతవరకే కడుగుతారు. మిగిలిన జిగురు చుక్కలు తర్వాతి రంగును అడ్డుకుని బుడగల్లాంటి తెల్ల మచ్చలు వదులుతాయి. ఆపైన ఎరుపో పసుపో అద్దుతారు. ఈ రంగు గీతకు సరిగ్గా అతకదు. వెంట్రుకవాసి పక్కకు జరిగి ఒక వైపు సన్నటి తెల్లని సందు ఉంటుంది. మిల్లు ఆ సందును సరిదిద్దదు, ఎందుకంటే కొనేవాళ్ళు అసలు సరుకును గుర్తుపట్టేదే దాన్నిబట్టి.

పేరు పెట్టింది ఎవరు

డిజైన్ హెల్మండ్‌లో గీసినా, దానికి అర్థం వచ్చింది మాత్రం బజారులో. తోగో రాజధాని లోమేలో బట్టల వ్యాపారం చేసే స్త్రీలు కొన్ని డిజైన్ల మీద ఏకహక్కులు సంపాదించి, పశ్చిమ ఆఫ్రికా అంతటికీ టోకున అమ్మేవారు. వాళ్ళు కొన్న బెంజి కార్లను చూసి జనం వాళ్ళని ‘నానా బెంజ్’ అన్నారు. ఏ డిజైన్‌కు ఏ పేరు నిలబడుతుందో, ఏది అమ్ముడుపోతుందో వాళ్ళే మిల్లుకు చెప్పేవారు. పంజరం తలుపు తెరుచుకుని పిట్ట ఎగిరిపోయే డిజైన్‌కు ‘నువ్వు బయటికెళ్తే నేనూ వెళ్తా’ అని పేరు. దాన్ని కట్టుకుని ఇంట్లో తిరిగితే భర్తకు వేరే హెచ్చరిక అక్కర్లేదు. మిల్లులో వరస నంబరుతో బయల్దేరిన బట్ట బజారుకొచ్చేసరికి సామెత అయ్యేది. సినిమా పేర్లతో చీరలు అమ్ముడుపోవడం చూసిన తెలుగువాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, అక్కడ పేరు మాసిపోలేదు. తల్లులు కట్టిన డిజైన్ అదే పేరుతో మనవరాళ్ళ దాకా వచ్చింది.

1994 జనవరిలో ఆ ప్రాంతపు కరెన్సీ అయిన సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించారు. దిగుమతి బట్ట ధర ఒక్కసారిగా రెట్టింపైంది. ఆ వెనకే చైనా నుంచి చవక నకళ్ళు వచ్చిపడ్డాయి. నానా బెంజ్‌ల ఏకహక్కులకు విలువ లేకుండా పోయింది.

నాలుగు మెట్లు

కలబరి సమాజానికి చెందిన పరిశోధకుడు టోన్యే ఎరెకొసిమా, అమెరికన్ పరిశోధకురాలు జోన్ ఐకర్ 1981లో ప్రతిపాదించిన ఒక చట్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. బయటి వస్తువు ఒక సమాజానికి సొంతం కావడంలో నాలుగు మెట్లున్నాయని వాళ్ళు అన్నారు. మొదట ఎంపిక: వచ్చిన వందల రకాల్లో కొన్నింటినే తీసుకోవడం. రెండోది సొంత భాషలో పేరు పెట్టడం. మూడోది పెళ్ళి, చావు, పండుగ వంటి సందర్భాల్లో దానికో స్థానం ఇవ్వడం. నాలుగోది ఆ వస్తువు రూపాన్నే మార్చేయడం. వ్యాక్స్ బట్ట మూడో మెట్టు దాకా ఎక్కడం పైన చూశాం. నాలుగో మెట్టుకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ కలబరి వాళ్ళ కోత బట్ట. అది తెలుగు నేల దాకా వస్తుంది.

చీరాల పోగు, బుగుమ కత్తి

నైజర్ డెల్టా తూర్పు వైపున బుగుమ, అబొన్నెమా, బకానా వంటి దీవి పట్టణాల్లో కలబరి ప్రజలు ఉంటారు. శతాబ్దాలుగా వాళ్ళు యూరప్ ఓడలతో బేరం చేసిన మధ్యవర్తులు. ఆ ఓడల్లో వచ్చిన సరుకుల్లో భారతదేశపు నూలు బట్ట ముఖ్యమైనది. 18వ శతాబ్దంలో కోరమాండల్ నీలి బట్టల్నీ, గళ్ళ బట్టల్నీ ఆఫ్రికా తీరంలో ఇచ్చి మనుషుల్ని కొని బానిసలుగా అట్లాంటిక్ దాటించారు. ఈ బట్టల కథ చెప్పేటప్పుడు ఆ మాట దాటవేయకూడదు.

బానిస వర్తకం ఆగిపోయినా గళ్ళ బట్ట మీద మోజు పోలేదు. ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో నైజీరియాకు వెళ్ళిన ఆ రుమాలును 20వ శతాబ్దంలో చీరాల, దాని చుట్టుపక్కల ఊళ్ళ చేనేత మగ్గాలు నేసి పంపాయి. మద్రాసు అన్నది ఎగుమతి రేవు పేరు. రుమాలు అన్నారు గానీ ముక్కులు తుడుచుకునే గుడ్డ కాదది. గజం చదరపు రుమాళ్ళు వరసగా ఒకే తానులో ఉంటాయి, తానును కోయకుండానే నడుముకు చుట్టుకుంటారు. కలబరి వాళ్ళు దీన్ని ‘ఇంజిరీ’ అంటారు. ఆ మాట వింటే గోదావరి డెల్టాలో ఇంగ్లీషు కంపెనీ బట్టల కోఠీ ఉన్న ఇంజరం గుర్తు రావడం సహజమే, అయితే పేర్ల పోలిక ఒక్కటే రుజువుగా చాలదు.

ఈ రుమాలు మీద కలబరి స్త్రీలు చేసే పని పేరు ‘పెలెటె బిటె’, అంటే కోసిన బట్ట. సూది మొనతో ఒక పోగును పైకి లేపుతారు. లేచిన పోగును రేజరు బ్లేడుతోనో చిన్న చాకుతోనో తెంపుతారు. తెగిన ముక్కను లాగేస్తారు. సాధారణంగా తెల్లనివి, లేతరంగువి కోసి ముదురు పోగుల్ని వదులుతారు. అలా గళ్ళలోంచి చదరాలు, మెట్లు, సీసాలు, రకరకాల ఆకారాలు పుడతాయి. వాటికి మళ్ళీ పేర్లు. కోయకుండా పోగుల్ని పొడవునా లాగేస్తే అది ‘ఫిమటె బిటె’.

నేత తెలిసినవాళ్ళకు ఇందులోని కష్టం వెంటనే తడుతుంది. సాదా నేతలో పడుగును (నిలువు పోగుల్ని) పేక (అడ్డపోగులు), పేకను పడుగు పట్టుకుని ఉంటాయి. ఒక చోట పడుగు పోగు తెంపితే అక్కడి పేక వదులవుతుంది. పక్కపక్కనే పడుగునూ పేకనూ ఎక్కువగా తెంపితే బట్ట జల్లెడై చిరిగిపోతుంది. అందుకని ఎన్ని పోగులు తీయాలో, ఎన్ని వదలాలో వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఒక్క పోగు పొరపాటున తెగితే దాన్ని తిరిగి పెట్టే ఉపాయం లేదు. ఆ తప్పును కలుపుకుని డిజైన్ మార్చాలి. ముతక నూలు, వదులు నేత దీనికి పనికిరావు. పోగు లేపుతుంటేనే పక్క పోగులు జరిగిపోతాయి. బిగువైన నేత, పోగులోనే రంగున్న గళ్ళు ఉండాలి. అచ్చువేసిన గళ్ళ బట్టలో పోగు తీసినా రంగు తేడా రాదు. చీరాల రుమాలు ఇక్కడ సరిగ్గా సరిపోయింది. నేతగాడి లెక్క, కోత పెట్టే స్త్రీ లెక్క ఒకే గడి మీద కలుస్తాయి. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు.

కలబరి పెద్దలు చనిపోతే ఇంట్లో మంచాలు వేసి, వాటిని ఇలాంటి పాత బట్టలతో మడతలు మడతలుగా అలంకరిస్తారు. ఆ మడతల్లో కుటుంబం ఘనత కనిపిస్తుంది. బుగుమలో 1958లో పుట్టి, లండన్‌లో స్థిరపడిన శిల్పి సొకారి డగ్లస్ క్యాంప్ 1984లో చేసిన ‘చర్చ్ ఎడె’ అలాంటి అలంకరించిన మంచమే. అయితే అది ఉక్కుతో చేసింది. రేకును కత్తిరించి, వంచి, వెల్డింగ్ చేసి బట్ట మడతల్ని తెస్తారామె. ఆమె శిల్పాల్లోని బట్టలు చాలాచోట్ల చిల్లులు చిల్లులుగా ఉంటాయి, వెలుతురు వాటిలోంచి అవతలికి పోతుంది. కోత బట్టను చూసినవాళ్ళకు ఆ చిల్లులు కొత్త కాదు. ఉక్కుకు ఇంకో అర్థం కూడా ఉంది. నైజర్ డెల్టాను చమురు కంపెనీల పీపాలు ముంచెత్తాయి, ఆ పీపాలనే ఆమె కోసి శిల్పాలు చేశారు. 2006లో ఉక్కుతో చేసిన ‘బ్యాటిల్ బస్’ 1995 నవంబరు 10న నైజీరియా సైనిక ప్రభుత్వం ఉరితీసిన రచయిత కెన్ సారో వివాకు, ఆయనతో పాటు ఉరికంబమెక్కిన ఎనిమిది మందికి స్మారకం. 2015లో దాన్ని నైజీరియాకు పంపితే లాగోస్ రేవులో కస్టమ్స్ వాళ్ళు పట్టేశారు.

షోనిబారేకు ఎదురైన ప్రశ్న

షోనిబారే 1962లో లండన్‌లో నైజీరియా యొరుబా కుటుంబంలో పుట్టారు. మూడేళ్ళప్పుడు లాగోస్ వెళ్ళి పదహారు, పదిహేడేళ్ళ వయసులో తిరిగొచ్చారు. కళాశాలలో చేరిన కొత్తల్లో వెన్నుపాము వాపుతో శరీరం ఒక పక్క పక్షవాతం వచ్చింది. చదువుకునే రోజుల్లో ఆయన సోవియట్ రష్యాలోని మార్పుల మీద బొమ్మలు వేస్తుంటే, అసలైన ఆఫ్రికా కళ ఎందుకు చేయవని ఒక ఉపాధ్యాయుడు అడిగారు. ఆ ‘అసలైన’ అన్న మాట ఆయన్ని పట్టుకుంది. లండన్‌లోని బ్రిక్స్టన్ బజారుకు ఆఫ్రికా బట్ట కోసం వెళ్ళి, ఆ బట్ట డచ్చిదని అంగట్లోనే తెలుసుకున్నారు.

1994లో చేసిన ‘డబుల్ డచ్’ ఈ సంగతికి మొదటి రూపం. గులాబీ రంగు గోడ మీద 50 చిన్న పలకలు. కాన్వాసు బదులు వ్యాక్స్ బట్ట బిగించి, కొన్నింటి మీదా అంచుల మీదా రంగు వేశారు. పెద్ద కాన్వాసు ఒకే గొప్ప చిత్రం అనే పాశ్చాత్య పద్ధతిని ముక్కలు చేశారన్నమాట. తన శరీరం ఒకేసారి మోయగలిగినంత పనే చేయాలన్న ఆచరణాత్మక కారణం కూడా ఈ ముక్కల వెనక ఉంది.

తర్వాత బొమ్మలొచ్చాయి. ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగనార్ 1767లో వేసిన ఉయ్యాల చిత్రాన్ని 2001లో నిలువెత్తు బొమ్మగా చేశారు. ఆ గౌను బట్టను దగ్గర నుంచి చూస్తే షనెల్ కంపెనీ గుర్తు అచ్చయి కనిపిస్తుంది. జావా పద్ధతికి నకలైన డచ్చి బట్ట మీద ఫ్రెంచి ఫ్యాషన్ గుర్తుకు నకలు. దీన్ని తొడుక్కున్నది ఫ్రెంచి ప్రభువుల ఇంటి అమ్మాయి. ఆమెకు తల లేకపోవడం వెనక ఫ్రెంచి విప్లవంలో తలలు నరికిన యంత్రం, గిలెటిన్, ఉంది. తల లేకపోతే ముఖం ఉండదు, ముఖాన్ని బట్టి జాతి చెప్పే వీలు పోతుంది. చర్మం రంగు కూడా నలుపూ తెలుపూ కాని మధ్యరంగు. చూసేవాళ్ళు తప్పనిసరిగా బట్టనే చదవాలి, బట్టేమో ఒక్క దేశం పేరు చెప్పదు.

2010లో లండన్ ట్రాఫాల్గర్ స్క్వేర్‌లో పెట్టిన ‘నెల్సన్స్ షిప్ ఇన్ ఎ బాటిల్’ అందరికీ తెలిసింది. బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఓడ హెచ్ఎంఎస్ విక్టరీని 30వ వంతు కొలతలో చేసి, 37 తెరచాపలకూ వ్యాక్స్ డిజైన్లు వేసి పెద్ద సీసాలో పెట్టారు. సముద్రాల మీద బ్రిటన్‌కు పట్టు తెచ్చిన ఓడకు, ఆ పట్టు వల్ల కలగలిసిన ప్రజల బట్టే తెరచాప. ప్రజల చందాలు కలుపుకుని దాన్ని గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియం కోసం కొన్నారు. 2014 నాటి ‘ది బ్రిటిష్ లైబ్రరీ’లో 6,328 పుస్తకాలకు ఇదే బట్టతో అట్టలు వేసి, చాలావాటి వెన్ను మీద బ్రిటన్‌కు వలస వచ్చినవాళ్ళ, వాళ్ళ పిల్లల పేర్లు బంగారు అక్షరాల్లో అచ్చొత్తారు.

సీసా మూతల దుప్పటి

ఎల్ అనట్సుయ్ పనిలో బట్ట కనిపిస్తుంది గానీ దగ్గరకెళ్తే నూలుపోగు ఒక్కటీ ఉండదు. 1944లో ఘనాలోని అన్యాకోలో పుట్టిన ఆయన, 1975 నుంచి నైజీరియాలోని ఎన్‌సుక్కా విశ్వవిద్యాలయంలో బోధించారు. 1990ల చివర్లో రోడ్డు పక్కన సారా సీసా మూతలున్న సంచి ఒకటి దొరికింది. అప్పటినుంచి ఆయన ముడిసరుకు అదే.

మూతను, సీసా మెడ చుట్టూ ఉండే అల్యూమినియం రేకును చదును చేస్తారు, మడుస్తారు, మెలిపెడతారు లేదా గుండ్రంగా వంచుతారు. అంచుల్లో చిల్లులు పొడిచి రాగి తీగతో ఒకదాన్నొకటి కడతారు. డజన్ల కొద్దీ సహాయకులు కట్టిన చిన్న పలకల్ని అనట్సుయ్ నేల మీద పరిచి, మార్చి మార్చి కూర్చుతారు. అల్యూమినియం మెత్తన, తుప్పు పట్టదు. రాగి తీగ వంగినా వెంటనే విరగదు. ఈ రెండింటి వల్లనే గోడంత పనిని దుప్పటిలా మడిచి పెట్టెలో సర్దవచ్చు. మడిచిన చోటే మళ్ళీ మళ్ళీ మడిస్తే మాత్రం తీగ అలిసి తెగుతుంది. ప్రతిసారీ మడత చోటు మార్చడం, తెగిన ముడులు కట్టే మనిషి దగ్గర ఉండడం అవసరం. ఎలా వేలాడదీయాలో ఆయన ఖరారు చేయరు. ప్రదర్శించే చోటివాళ్ళే మడతలు నిర్ణయిస్తారు. ఒకే పని ఒక ఊళ్ళో కొండచరియలా, ఇంకో ఊళ్ళో రాజుగారి వస్త్రంలా ఉంటుంది.

ఆయన తండ్రి కెంటే నేసేవాడు. అరచేతి వెడల్పు పట్టీలు నేసి పక్కపక్కన కుట్టే బట్ట అది. బ్రిటిష్ మ్యూజియంలోని 2001 నాటి పనికి ‘మ్యాన్స్ క్లాత్’ అని పేరు పెట్టారు. సారా మూతలకూ చరిత్ర ఉంది. కరీబియన్ తోటల్లో బానిసలు పండించిన చెరకు మడ్డితో కాచిన రమ్ము ఆఫ్రికా తీరానికి వచ్చి, మళ్ళీ బానిసల్ని కొనడానికి పనికొచ్చింది. 2015లో వెనిస్ బినాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన ఆయనకు జీవిత సాఫల్య గోల్డెన్ లయన్ ఇచ్చింది.

బట్ట కాగితమైతే

లాస్ ఏంజెలెస్‌లో ఉండే న్జిడెకా అకున్యీలి క్రాస్బీ 1983లో నైజీరియాలోని ఎనుగులో పుట్టారు. ఆమె పెద్ద కాగితాల మీద ఇంటి గదుల్ని చిత్రిస్తారు. గోడలు, నేల, మనిషి చర్మం కూడా నైజీరియా పత్రికల ఫొటోలతో, స్మారక బట్టల మీది ముఖాలతో నిండి ఉంటాయి. ఫొటోకాపీని బోర్లా పెట్టి, వెనక ద్రావకం తడిపి రుద్దితే టోనర్ (ఫొటోకాపీ సిరా పొడి) కాగితానికి అంటుకుంటుంది. ద్రావకం ఎక్కువైతే ముఖం అలుక్కుపోతుంది, తక్కువైతే మచ్చలుగా దిగుతుంది. బోర్లా వేయడం వల్ల అక్షరాలు తిరగబడతాయి కాబట్టి ముందే అద్దపు బింబంగా కాపీ తీయాలి. ఇలా దిగిన ముఖాలు అసలు ఫొటో కంటే ఒక పొర వెలిసి, గుర్తొచ్చీ రానట్టు ఉంటాయి. దూరదేశంలో ఉన్నవాళ్ళ జ్ఞాపకం గురించి చెప్పడానికి అంతకంటే తగిన పద్ధతి దొరకడం కష్టం.

అమెరికాలో బీసా బట్లర్ వ్యాక్స్ బట్ట ముక్కల్నే రంగులుగా వాడి నల్లజాతి మనుషుల చిత్రాలను బొంతలుగా కుడతారు. కెర్రీ జేమ్స్ మార్షల్ బట్ట వదిలి నేరుగా చర్మం రంగునే పట్టుకున్నారు. ఐవరీ బ్లాక్, కార్బన్ బ్లాక్, మార్స్ బ్లాక్ అనే మూడు నలుపుల్లో నీలం, ఆకుపచ్చ వంటివి కలిపి, గోధుమరంగు జోలికి పోకుండా నలుపులోనే వెలుగు నీడలు తెస్తారు.

బొంత కుట్టే ఆఫ్రికా సంతతి మన దేశంలోనూ ఉంది. హైదరాబాదు వాళ్ళకు సిద్దీలు ఏ.సి. గార్డ్స్ పేట వల్ల, మర్ఫా వాద్యం వల్ల తెలుసు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు పాత బట్టలతో కుట్టే ‘కవందీ’ మన బొంతకు దగ్గర చుట్టం. మన బొంతకు ముందు పొరలు పరిచి తర్వాత కుట్టు వేస్తారు. కవందీని ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ, ముక్కలు చేర్చుకుంటూ మధ్యకు వస్తారు. నాలుగు మూలలా మడిచిన బట్టతో ‘ఫూల’, అంటే పువ్వు, పెడితేనే అది పూర్తయినట్టు లెక్క. ఇప్పుడివి అమెరికా ప్రదర్శనశాలల గోడలకెక్కాయి, ఆధునిక నైరూప్య చిత్రాల పక్కన నిలబడుతున్నాయి.

అభ్యంతరాలు

ఈ కళకు ఆదరణ పెరిగేకొద్దీ ఒక ఇరుకు వచ్చింది. వ్యాక్స్ బట్ట కనబడితే ఆఫ్రికా అని చూసేవాళ్ళకు అలవాటైపోయింది. షోనిబారే ప్రశ్నగా పెట్టిన బట్టను ఆయన వెనక వచ్చిన చాలామంది జవాబుగా వాడుతున్నారు. ప్రశ్న పోతే మిగిలేది అలంకారమే. ఈ విమర్శ సబబైనదే. దానికి తోడు, నైజీరియాలోని అబెయొకుటాలో కర్రపెండలం గంజితో అడ్డుపెట్టి నీలిమందులో ముంచే యొరుబా ‘అదిరె’, మగ్గం మీద పట్టీలుగా నేసే ‘అసొ ఒకె’ అక్కడి చేతుల్లోనే పుట్టినవి. గ్యాలరీల్లో వాటికి ఇన్నాళ్ళూ చోటు తక్కువ. అదిరె కళాకారిణి నికె డేవీస్ ఒకుండయె దశాబ్దాలుగా శిక్షణ ఇస్తూ ఆ పనిని నిలబెట్టారు.

రెండో సంగతి డబ్బు. మార్షల్ 1997లో వేసిన ‘పాస్ట్ టైమ్స్’ను షికాగోలోని ఒక ప్రభుత్వ సంస్థ 25,000 డాలర్లకు కొని, 2018లో వేలం వేస్తే 2.11 కోట్ల డాలర్లు వచ్చాయి. అమెరికాలో మళ్ళీ అమ్మినప్పుడు కళాకారుడికి వాటా ఇవ్వాలన్న చట్టం లేదు. బ్రిటన్‌లో 2006 నుంచి వాటా ఉంది గానీ ఒక్కో అమ్మకం మీద 12,500 పౌండ్లకు మించదు. మన కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ 10 శాతం దాకా వాటాకు వీలిస్తుంది. కొందరు కళాకారులు తామే సంస్థలు పెట్టుకున్నారు. షోనిబారే పెట్టిన సంస్థ 2022లో లాగోస్‌లోనూ, ఇజెబులోని పొలంలోనూ కళాకారులకు వసతి తెరిచింది.

చూసేటప్పుడు

వ్యాక్స్ బట్ట అసలుదా నకలా తేల్చాలంటే ముందు వెనకవైపు చూడాలి. జిగురు రెండువైపులా అద్దుతారు కాబట్టి అసలు బట్టకు ముందు, వెనక తేడా ఉండదు. చవక ‘ఫాన్సీ’ అచ్చులో వెనకవైపు వెలవెలబోతుంది. తర్వాత పగులు గీతలు. ఒకే పువ్వు రెండుచోట్ల వచ్చినప్పుడు పక్కన గీతలు కూడా అచ్చం అలాగే ఉంటే అవి పగుళ్ళు కావు, బొమ్మలో గీసినవి. అంచు మీద మిల్లు పేరు అచ్చయి ఉంటుంది గానీ నకలు చేసేవాళ్ళు అంచునూ నకలు చేస్తారు, అదొక్కటే నమ్మడానికి లేదు.

ప్రదర్శనశాలల్లో ఈ బట్టల దగ్గర వెలుతురు మసకగా ఉండడం పొదుపు కోసం కాదు. అద్దకం రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, అందుకే బట్టలకు సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) మించనివ్వరు. కంటికి ఆ మసక అలవాటు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా ఆగితేనే గీతలు తేలతాయి. కలబరి కోత బట్ట ఎదురైతే కోసిన సందుల్ని కాదు, కోయకుండా వదిలిన ముదురు పోగుల్ని ముందు లెక్కపెట్టాలి. ఒక గడిలో ఎన్ని, పక్క గడిలో ఎన్ని అని చూస్తూ పోతే బుగుమలో పట్టిన కత్తి ఎక్కడ ఆగిందో, మగ్గం మీద వేసిన పడుగు లెక్క ఎక్కడ మొదలైందో రెండూ ఆ గజం గుడ్డలోనే కనిపిస్తాయి.